ముందు పికప్, వెనక పికప్

పికప్ అంటే మాకు తెలిసింది ఒక్కటే. ముందు ఇద్దరు కూర్చుంటే వెనక తొట్టిలో సిమెంటు బస్తాలో మనుషులో ఎక్కే బండి. చమురు పొంగి ఖతర్ అంతా క్రేన్లూ, తవ్విన గోతులూ అయిన ఆ రోజుల్లో రోడ్డు మీద మనుషులకంటే పికప్‌లే ఎక్కువ కనిపించేవి. కరెంటు గిటార్‌కు కూడా పికప్ ఉంటుందనీ, అది తీగల కింద ఉండే చిన్న పట్టీ అనీ, తీగ మోతను పట్టి స్పీకరు డబ్బాలోకి పంపేది అదేననీ మాకెవరు చెప్పారు? చెప్పి ఉంటే ఈ కథే లేదు.

మాది నిర్మల్. మా ఆయన ముత్యం బొమ్మలు చేసే నకాషీల ఇంట్లో పుట్టినవాడు. పొణికి కర్రతో చిలకను చేసి ఆరబెడితే పిల్లి వచ్చి పొంచి కూర్చునేది, అబద్ధం కాదు. ఖతర్‌కు వెళ్ళాక ఆ చేతులకు దొరికింది సెంట్రింగు పలకలకు మేకులు కొట్టే పని. తర్వాత అల్ దోహా అల్ జదీదాలో ఒక సోఫాల కార్ఖానాలో కుదిరి, దాన్ని ఆనుకున్న గదిలోకి నన్ను పిలిపించుకున్నాడు. మా అత్త మాత్రం ఊళ్ళో "నా కోడలు దుబాయ్ పోయింది" అనే చెప్పుకునేది. ఖతర్ అంటే ఆమెకు కత్తెర అన్నట్టు వినిపించేదట.

నిసార్ అహ్మద్‌ది మా పక్కనే ఖానాపూర్. ఖతర్ ఉత్తరపు కొసన అల్ రువైస్‌లో కంపెనీ స్టోరుకు కాపలా ఉండేవాడు కానీ మనసంతా పాట మీదే. దేశానికి వెళ్ళిపోతూ ఎవరో తెల్లాయన ఇచ్చిన కరెంటు గిటార్ ఒకటి ఉండేది. సముద్రపు గాలికి దాని ఇనుమంతా తుప్పెక్కింది. దోహాలో ఒక పెద్ద హోటల్లో రోజూ సాయంత్రం పాటల జట్టు వాయించేది. అందులో గిటార్ మనిషి వెళ్ళిపోయి చోటు ఖాళీ అయింది. ఆ చోటు దొరికితే నిసార్‌కు కాపలా బతుకు తీరుతుంది, పాటే బతుకవుతుంది. హోటల్లో ఆ వ్యవహారం చూసే వేణుగోపాలరావుగారు కాకినాడ మనిషి. విని మెచ్చుకున్నాడు, చూసి మూతి ముడిచాడు.

"చెయ్యి బాగుంది నాయనా, ఆ తుప్పేంటి? సూట్లు వేసుకుని భోజనానికొచ్చేవాళ్ళ ముందు పాత ఇనప సామాను పట్టుకుని నిలబడతావా? గురువారానికి దానికో రూపు తెచ్చుకునిరా. లేదంటే ఇంకొకడు కాచుకుని ఉన్నాడు" అన్నాడట.

ఇదంతా మాకు తర్వాత తెలిసింది. శుక్రవారం నిసార్ చంకలో గిటార్‌తో, భుజాన ఒక పలకతో కార్ఖానాలోకి ఉరికి వచ్చాడు. పాత పడవను విప్పుతుంటే అడిగి తెచ్చుకున్న టేకు అది. ఉప్పునీళ్ళు తాగి తాగి నల్లగా నిగనిగలాడుతోంది. బయట కంపెనీ బస్సు హారన్ మోగుతూనే ఉంది.

"ముత్యమన్నా, గురువారం హోటల్ల నాకు పరీక్ష ఉన్నది. ముందు పికప్‌కొక చౌకట్టు, ఎనక పికప్‌కొక చౌకట్టు జెయ్యాలె. తిప్పే నాబులు నాలుగు. మన నిర్మల్ చిలకలు, తీగెలు, నీకేం దెలుసో అన్నీ వెయ్. సైజులు నువ్వే తీస్కో."

"మరి గీ గిటార్?"

"నా పానం గదే అన్నా! ఎవ్వలనూ ముట్టనియ్యకు." అంటూనే బస్సెక్కేశాడు.

మా ఆయన గిటార్‌ను నా ఉన్ని దుప్పట్లో చుట్టి బీరువా మీద పెట్టాడు. టేపు తీసుకుని బయటికి నడిచాడు. అక్కడ లియాఖత్ అలీ పికప్ నిలబడి ఉంది. లియాఖత్ హైదరాబాదీ, కంపెనీ డ్రైవరు, మా మేడమీద గదిలోనే ఉండేవాడు. నిసార్ ఎప్పుడొచ్చినా ఆ బండిలోనే వచ్చేవాడు. ఆ వారం లియాఖత్‌కు దోహాలోనే డ్యూటీ కాబట్టి బండి మా గుమ్మం ముందే ఉండేది.

"పరీక్షకు బండిని సింగారించుడెందుకయ్యా?" అని అడిగాను.

"పెండ్లికొడుకు పోతే కారు సింగారించరా? గట్లనే" అన్నాడు.

నాకూ సబబుగానే తోచింది.

బండి ముందు జాలీ చుట్టూ ఒక చౌకట్టు, వెనక నంబరు పలక చుట్టూ ఒకటి. నాబులు నాలుగెక్కడా అని వెతికితే రేడియోవి రెండు, అద్దాలు దించే పిడులవి రెండు, లెక్క సరిపోయింది! ఎన్నాళ్ళకో ఆ మనిషి చేతికి సన్న ఉలి దొరికింది. అన్నానికి పిలిస్తే "ఆగవే, చిలక రెక్క మీదున్న" అనేవాడు. ముక్కులకు ఎరుపు నేనే దిద్దాను.

లియాఖత్ చూసి నోరు తెరిచాడు. "క్యా కర్ రై మియా?"

"నిసారు జెయ్యమన్నడు భాయ్."

"నా బండికా? ఇన్నేండ్ల సంది ఎక్కించుకపోతున్న గదా, తోఫా ఇస్తున్నడు!" కళ్ళు తుడుచుకున్నాడు పాపం. సాయంత్రానికి గల్లీ గల్లీ తిప్పి అందరికీ చూపించి వచ్చాడు.

గురువారం మధ్యాహ్నం నిసార్ దిగాడు. బండిని చూశాడు. "మాషా అల్లా, మస్తున్నది. నా గిటారేది?"

మా ఆయన దుప్పటి విప్పాడు. "చీమ గూడ ముట్టలే తమ్మీ."

తుప్పు తుప్పుగానే ఉంది. నిసార్ ముఖం పాలిపోయింది. "అన్నా, నా పికప్‌లు?"

"గదేంది, గంత పెద్ద పికప్ గుమ్మంల కనబడ్తలేదా?"

"గది గాదన్నా! ఇది పికప్! ఇదిగో, ఇది ముందుది, ఇది ఎనకది!" తీగల కింద వేలు పెట్టి చూపించాడు.

ముందు నేనే నవ్వాను. ఆపుకుందామంటే ఆగితేనా! కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా ఆయన ఉలి చేత్తో పట్టుకుని బండినీ గిటార్‌నూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"నవ్వకు వదినా," అన్నాడు నిసార్. "పొద్దుగూకితే ఇంకోణ్ణి పెట్టుకుంటడు. నేను మల్ల గా స్టోరు ముందల కుర్చీల కూసోవాలె."

పలక ముక్క ఒక్కటి మిగల్లేదు. ఉన్న చెక్కంతా బండి మీదే ఉంది. అంతలో లియాఖత్ ఉతికిన చొక్కాతో, అత్తరు వాసనతో మెట్లు దిగి వచ్చి నిసార్‌ను వాటేసుకున్నాడు. "నిసార్ మియా! సగే భాయ్ గూడ గిట్ల చెయ్యడు!"

నా నాలుకకు నరం లేదు కదా, నేనే అన్నాను: "భాయ్, నీ బండి ఎనక చౌకట్టు గావాలె."

"కైకూ? తోఫా ఇచ్చి గుంజుకుంటరా జీ?"

"ఉండనియ్ వదినా," అని నిసార్ నా మాటకు అడ్డం వచ్చాడు. "ఆయన సంబురం నేను తీస్కోను. నా నసీబు గంతే."

లియాఖత్ నన్ను పక్కకు పిలిచి సంగతంతా అడిగాడు. విని, నేరుగా బండి దగ్గరికి వెళ్ళి, సీటు కింద నుంచి పానా తీసి వెనక చౌకట్టు మరలు తానే విప్పడం మొదలుపెట్టాడు. "పాగల్! నీ నౌకరీ పోయినంక నేను చిలకల బండి ఏసుకుని ఏడ తిరగాలె? ఇగో, తోఫా నేనిస్తున్న. యల్లా, కానియ్యండి! ముందుదాన్ని మాత్రం ముట్టద్దు, హాత్ నక్కో లగావ్!"

ఇక చూడాలి మా హడావిడి. రేడియో నాబులు గిటార్‌కు పుట్టినప్పటి నుంచీ దానివేనన్నట్టు కూర్చున్నాయి. అద్దాల నాబులకు బెజ్జం పెద్దదైతే మా ఆయన చెక్క పేళ్ళు దోపి బిగించాడు. చౌకట్టు మూలలు కోసి రెండు చిన్న చౌకట్లు అతికాడు. మూలల్లోనే చిలకలు ఉండడం మా అదృష్టం. మిగిలిన ఇనుమును నేను ఉప్పూ నిమ్మచెక్కా పెట్టి తోమాను. కొబ్బరినూనె రాస్తే టేకు తళతళలాడింది.

హోటల్‌కు అందరం ఆ బండిలోనే వెళ్ళి భోజనాల హాల్లోకి తెరుచుకునే వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాం. వేణుగోపాలరావుగారు గిటార్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేంటయ్యా, దీనికి పెళ్ళేమైనా చేశారా? సరే, వాయించు."

మొదటి మోతకే 'జుర్ర్' మంది. లావు తీగ చిలక ముక్కుకు తగులుతోంది.

"ఆ జుర్రేంటి?" అన్నాడాయన.

నిసార్ చెమటలు కక్కుతున్నాడు. మా ఆయన స్లిప్పర్లతోనే తివాచీ మీద టపటపా నడిచి వెళ్ళాడు. జేబులోంచి ఉలి తీసి, గంటల తరబడి చెక్కిన ఆ ముక్కును ఒక్క పోటుతో లేపేశాడు. నాకు ప్రాణం చివుక్కుమంది. ఆయన మాత్రం పొట్టు ఊదేసి, "ఇగ కొట్టు తమ్మీ" అన్నాడు.

నిసార్ కొట్టాడు. అబ్బ, ఏం వాయించాడు! వంటవాళ్ళు గరిటెలతో గిన్నెల మీద దరువేశారు. వేణుగోపాలరావుగారు ముఖం బిగించుకునే ఉన్నాడు కానీ బూటు మాత్రం ఆడుతోంది.

"శనివారం నుంచి వచ్చెయ్. ఆ స్టోరుకో నమస్కారం పెట్టు" అన్నాడు.

"మరి చిలక ముక్కు సార్?" అన్నాడు నిసార్. వాడికి ఇంకా నమ్మకం కుదరలేదు.

"పాడాల్సింది నువ్వు కదా. అది నోరు మూసుకుంటేనే మంచిది."

తిరుగు దారిలో నిసార్ తొట్టిలో మా మధ్య కూర్చుని సముద్రం పక్క రోడ్డు పొడుగునా వాయిస్తూనే వచ్చాడు. కరెంటు లేకపోతే ఆ గిటార్ దోమ పాడినంత కూడా వినిపించదు. ముందు నుంచి లియాఖత్ "ఔర్ జోర్‌సే!" అని అరిచేవాడు, మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆ పాటేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.