ఎడమకి తిప్పితే

కుడికి తిప్పితే ఏమీ లేదు. ఎడమకి తిప్పితేనే ఆ చప్పుడు.

మేస్త్రీ గురువులు ఆ పడవ కాలిని మూడు వారాల్లో మూడుసార్లు విప్పాడు. ఇంజను పడవ కడుపులో ఉంటుంది. పంకా బిగించిన కాలు వెనక తట్టు నుంచి బయటికి వచ్చి నీళ్లలోకి దిగి ఉంటుంది. స్టీరింగు తిప్పితే ఆ కాలే తిరుగుతుంది. లోపలికీ బయటికీ నడుమ ఒక రబ్బరు తిత్తి. అది చిరిగితే నీరు దూరుతుంది, నీరు దూరితే బేరింగు తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన బేరింగు కాలు తిరిగినప్పుడు మూలుగుతుంది. బెంగాల్లోని ఈ గార్డెన్ రీచ్ రేవులో ముప్పయ్యేళ్లుగా ఇదే పని చేస్తున్నవాడికి ఇవన్నీ ఓనమాలు. తిత్తి మార్చాడు. బేరింగు మార్చాడు. ఇరుసు వంగే కీళ్లలోని క్రాసులు చేత్తో కదిపి చూస్తే వెంట్రుకవాసి ఆట కూడా లేదు. గేరాయిలు దింపి అరచేతిలో పట్టాడు. నీరు కలిసి ఉంటే మజ్జిగలా తెల్లబడాలి. అది తేనెలా జారింది.

అయినా ఎడమకి తిప్పితే మూలుగు.

పడవ మృత్యుంజయ బాబుది. నదిలో లంగరేసిన ఓడలకి మనుషుల్ని చేరవేసేది. దాన్ని నడిపిన కోదండం నెలన్నర కిందట పోయాడు. పట్టపగలు, నది నడుమ, పంకాకి చుట్టుకున్న గుడ్డపీలిక లాగడానికి వెనక్కి వంగాడంటారు. చూసినవాళ్లు లేరు. ఖాళీ పడవ ఎడమవైపుకే గుండ్రంగా తిరుగుతుంటే పక్క పడవవాళ్లు పట్టుకొచ్చారు. శవం దొరకలేదు. గురువులూ వాడూ ఒకే బస్తీలో, ఒకే కుళాయి దగ్గర కొట్టుకుంటూ పెరిగినవాళ్లు. బావా బావా అనుకునేవాళ్లు. లోకమంతా గురువులూ అన్నా, గురుదా అన్నా, వాడొక్కడే "గురో" అని సాగదీసేవాడు.

ఇప్పుడా స్టీరింగు దేముడి చేతికి వస్తోంది. దేముడంటే గురువులు ఒక్కగానొక్క కూతురు జ్ఞానప్రసూన మొగుడు. మిల్లు మూతపడి ఏడాదిగా ఇంట్లో కూర్చున్నవాడికి ఇది దొరికింది. గురువులు గుండెలో ముల్లు అదే. చప్పుడు ఇనుములోది అయితే తను తియ్యగలడు. ఇనుములోది కాకపోతే అల్లుణ్ణి ఆ పడవ ఎక్కనివ్వకూడదు. ఎక్కవద్దనడానికి ఏం కారణం చెప్పాలి? ఎర్రజెండా యూనియన్ ఆఫీసులో అన్నిటికీ దరఖాస్తులున్నాయి గానీ దయ్యాలకి లేదు.

తొంభై ఎనిమిదో సంవత్సరం, భాద్రపద అమావాస్య. మిట్టమధ్యాహ్నం పోటు నిండి, నీరు వెనక్కి తీసే పాటు ఇంకా మొదలవకుండా నది చెరువులా నిలబడి ఉంది. అవతలి ఒడ్డు బొటానికల్ తోట చెట్లు నీళ్లలో తలకిందులుగా కదలకుండా ఉన్నాయి. వెనక మెటియాబ్రుజ్ సందుల్లో ఎప్పుడూ గడగడలాడే కుట్టుమిషన్లు కూడా కరెంటు పోయి ఊరుకున్నాయి.

పడవని మెట్ల దగ్గరే కట్టి ఇంజను వేయించాడు. దేముడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. గురువులు వెనక తట్టున బోర్లా పడుకుని, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన కాలి పైకప్పు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. మిషను లోపలి మాట వినడానికి మేస్త్రీలకి అంతకుమించిన యంత్రం లేదు. అలా వింటున్నంతసేపూ ఇంజనుతో మాట్లాడటం అతనికి అలవాటు. "ఏటి? ఏటయింది నీకు? ఎక్కడ నొప్పి?" అని పశువుల డాక్టరులా బుజ్జగిస్తాడు. రేవులో బెంగాలీలు దానికి నవ్వుకుంటారు.

ఎడమకి తిప్పమని చెయ్యి ఊపాడు. కాలు మెల్లగా తిరిగింది.

పిడిలోంచి చెవిలోకి, తడి గొంతుతో, "గురో" అని వినిపించింది.

ఎవరైనా పిలిస్తే నోరు ముందు పలుకుతుంది, బుద్ధి తర్వాత వస్తుంది. గురువులు నోరు "ఏటీ?" అనేసింది.

చప్పుడు ఆగిపోయింది. కత్తితో కోసినట్టు. దేముడు కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు, మళ్లీ ఎడమకి తిప్పాడు. పట్టు గుడ్డ జారినట్టు తిరుగుతోంది కాలు. మృత్యుంజయ బాబు మెట్ల మీద చప్పట్లు కొట్టి, గురుదా చేతిలో మంత్రం ఉందన్నాడు. మరి ఆలస్యమెందుకు, నాలుగు చక్కర్లు కొట్టి రమ్మని దేముడికి చెప్పాడు.

మంత్రమేమీ లేదని గురువులుకి తెలుసు. అతను స్పానర్ ముట్టుకోనేలేదు.

పై మెట్టు మీద మరమరాల మురీ పొట్లాలు అమ్ముకునే అప్పమ్మ, కోదండం తల్లి, అతన్నే చూస్తోంది. ఒడ్డుకెక్కి దగ్గర కూర్చున్నాడు. ఎవరు పిలిచారని ఆమె అడగలేదు. పిలిస్తే పలికావా అని మాత్రం అడిగింది. ఈ దేశంలో కనబడనివాళ్లు పిలిస్తే మూడో పిలుపు దాకా పలకరు, పసిపిల్లలకి కూడా తెలుసు కదా అంది. తర్వాత గొంతు తగ్గించింది.

"పలికితే పలికావు. 'ఏటి' అన్నావేటి నాయనా? 'ఏటి' అంటే మనకి ఒక అర్థం, ఆ ఏటికి ఒక అర్థం. ఎవుడివిరా అని అదడిగితే, ఏటివోణ్ణి అని నువ్వు సెప్పుకున్నట్టే."

గురువులు పిడి ఆనించుకున్న చెవిని భుజానికేసి తుడుచుకున్నాడు.

"మావోడూ అంతే. ఆ పొద్దు ఎల్తా ఎల్తా, ఎనక్కి తిరిగి 'ఏటీ' అన్నాడు. నన్నే అడిగాడనుకున్నాను. నాను పిలవలేదు."

అప్పటికే దేముడు రేవు వదిలేశాడు. గురువులు పట్టుబట్టి కట్టించిన పొడుగు తాడు ఒక్కటే పడవ ముక్కుకీ మెట్ల ఇనప కడియానికీ మధ్య ఉంది. గురువులు తనకి తనే ధైర్యం చెప్పుకున్నాడు. పలికింది తను. దేముడు ఇక్కడే పుట్టాడు, ఇక్కడే పెరిగాడు. తెలుగు ఇంటి గడప దాటి రాదు. ఎవరు పిలిచినా బెంగాలీలో "కీ" అంటాడు, లేకపోతే "బోలో" అంటాడు. "కీ" అన్నవాణ్ణి ఏరేం చేసుకుంటుంది?

పడవ చక్కగానే పోయింది. వందగజాల్లో కుడికి ఒక చుట్టు, ఎడమకి ఒక చుట్టు. తర్వాత దేముడు ఇంజను ఆపాడు. లేచి వెనక తట్టుకి వెళ్లాడు. అంచు పట్టుకుని, తల ఒక పక్కకి వంచి, నీళ్లలోకి వింటున్నాడు.

గురువులుకి ఒళ్లు తెలియలేదు. ఉన్న ఊపిరంతా కూడగట్టి, "అల్లుడా!" అని కేకేశాడు.

దేముడు తల ఎత్తలేదు. మామగారు పిలిస్తే ఇంట్లో ఎలా పలుకుతాడో అలాగే, తెలుగులో, నీళ్లకేసి పలికాడు.

"ఏటి మావా?"

నిలబడ్డ నది కదిలింది. పాటు మొదలైందని చూసేవాళ్లు అనుకుంటారు. ఇంజను ఆగి ఉన్న పడవ ఎడమకి తిరగడం మొదలెట్టింది.

గురువులు తాడు పట్టి లాగాడు. మృత్యుంజయ బాబూ, ఇద్దరు కూలీలూ వచ్చి చెయ్యి వేశారు. నలుగురు మగాళ్లు లాగితే పడవ దున్నపోతులా గునిసి గునిసి మెట్లకి వచ్చింది. దేముడు దిగాడు. నువ్వు పిలిచింది కింద నుంచి వినబడిందేటి మావా అని గొణిగాడు. అప్పమ్మ వాడి చెయ్యి పట్టి పై మెట్టుకి లాక్కుపోయి, తన పక్కన కూర్చోబెట్టుకుంది.

గురువులు స్పానర్ తీసుకుని నడుం లోతు నీళ్లలోకి దిగాడు. పిలుపు వచ్చే ఆ కాలు పడవకి ఉన్నంతకాలం అల్లుడికి గండమే.

కాలిని పడవకి పట్టి ఉంచేవి ఆరు నట్లు. ఒడ్డు మీద ఆసరా పెట్టి విప్పాల్సినవి అవి. నీళ్లలో విప్పితే కాలు అడుక్కి పోతుంది, అది ఊడిన బెజ్జంలోంచి నీరు దూరి పడవా వెనకే పోతుంది. ముప్పయ్యేళ్ల పేరు కూడా దాంతోపాటే మునుగుతుంది. అది తెలిసే మొదటి నట్టు తిప్పాడు. చేతికి కళ్లుండాలి ఆ బురదనీళ్లలో.

"గురో" అంది కాలు.

రెండో నట్టు. మూడోది. ఏం చేస్తున్నావు గురుదా అని బాబు పై నుంచి అరుస్తున్నాడు. నాలుగోది బిగుసుకుపోయి ఉంటే భుజం ఆనించి తిప్పాడు. పాదాల చుట్టూ బురద వేళ్లు పెట్టి పట్టుకున్నట్టు బిగిసింది. ఐదోది ఊడింది. మావా అని దేముడు పిలిచాడు. నిజం పిలుపే, వాడి గొంతే. అయినా గురువులు పళ్లు బిగించి ఆరో నట్టు మీద స్పానర్ పెట్టాడు.

కాలు ఒక్కసారి బరువుగా నిట్టూర్చి, అతని మోకాళ్లకి రాసుకుంటూ కిందకి జారిపోయింది. వెనక తట్టు బెజ్జంలోకి నీరు గటగటా తాగుతూ పడవ కూర్చోవడం మొదలెట్టింది. బాబు కోపంతో పిలిచాడు, కూలీలు పిలిచారు, అల్లుడు ఏడుస్తూ పిలిచాడు, కాళ్ల కింద నుంచి ఇంకొకరూ పిలిచారు. ఎవరికీ పలకకుండా, ఒక్కొక్క అడుగే బురదలోంచి పీక్కుంటూ, గురువులు మెట్లెక్కుతున్నాడు.