మూడో అడ్డరోడ్డు గ్రైండరు

గ్రైండరు ఆగిపోయింది. కరెంటు పోలేదు, మా ఆయన ఏకాంబరం స్విచ్చి ఆపాడు. "మీటింగు జరగతా ఉంటే ఈ రొదేంది మే? దోసెలు పొయ్యి. తొమ్మిది మంది ఉండారు." మినప్పప్పు సగం నలిగి రాళ్ల మధ్య నిలిచిపోయింది. నేనూ అంతే, కారు షెడ్డుకీ వంటింటికీ మధ్య.

హాల్లో మీటింగు నా గ్రైండరు మీదే. తిరుపతిలో మా కాలనీ మూడో అడ్డరోడ్డు ఇళ్లలో చిన్న చిన్న వ్యాపారాలు చేసుకోనివ్వచ్చని మున్సిపాలిటీ నోటీసు వేసింది. వద్దనుకునే ఇంటి యజమానులు సోమవారంలోగా రాసివ్వాలి. ఈరోజు ఆదివారం. ఎక్కువ ఇళ్లు వద్దంటే ఆ నోటీసు చిత్తుకాగితం. కారు లేని మా కారు షెడ్డులో రెండేళ్లుగా నేను రుబ్బి అమ్మే దోసె పిండికి తాళం.

పేరు కుప్పమ్మ కాబట్టి అంట్ల కుప్ప నాదే, బట్టల కుప్ప నాదే అని ఇరవై రెండేళ్లు నాలో నేనే నవ్వుకున్నాను. మా అత్త మాత్రం నవ్వకుండా చెప్పేది వచ్చినవాళ్లకి, "మా కోడలికి పనేముండాది, ఊరికే ఉంటాది" అని. నిజమే, కోడికంటే ముందు లేచి రుబ్బిందంతా ఊరికే. ఇప్పుడు రుబ్బేది ఊరికి. నర్సులు, బ్రహ్మచారి టీచర్లు, చంకన బిడ్డలతో తల్లులు గిన్నెలు పట్టుకొచ్చి "కుప్పమ్మక్క ఉండాదా?" అంటారు. అంతకుముందు మా గేటు దగ్గర నా పేరు పలికినవాళ్లు లేరు, పోస్టుమ్యానుతో సహా. నలుగురికి రుబ్బితే సంసారం, నలభై మందికి రుబ్బితే వ్యాపారం. రాయి అదే, నడుంనొప్పీ అదే.

దోసెలు తీసుకెళ్లేసరికి సంఘం సెక్రటరీ సుందరరాజు మూడోది మడుస్తున్నాడు. "సంసారాలుండే వీధప్పా ఇది. ఈ పొద్దు పిండి. రేపు ఎస్టీడీ బూతు. ఎల్లుండి వీడియో షాపు. అమ్మా, చట్నీ ఇంకొంచెం. పిండి బలే పులిసింది."

"మా ఆడదే గదా, ఒక మాట చెప్తే మానుకుంటాది," అన్నాడు మా ఆయన. హాల్లో వాళ్లు నవ్వారు. వాళ్ల నోళ్ల నిండా నా పిండే ఉంది.

అభ్యంతర పత్రాలు టైపు కొట్టుకొచ్చిన రామానుజ మాత్రం నవ్వలేదు. నోటీసు మళ్లీ చదివి కళ్లజోడు తీశాడు. "మనం పెడితే చెల్లదు స్వామీ. యజమానులే సంతకం పెట్టాలని ఉండాది."

మా కాలనీ మగాళ్లంతా ఉద్యోగులు. తమ పేర ఇంకోచోట స్థలం ఉందని తెలిస్తే ఇక్కడ ప్లాటు రాదని, అందరూ అతి తెలివితో ఇళ్లు పెళ్లాల పేర రాయించారు. తొమ్మిది మంది కొలువుతీరిన హాల్లో ఇంటి యజమాని అన్నవాడు ఒక్కడూ లేడు. ఉన్న ఒక్కతీ చట్నీ వడ్డిస్తోంది.

"దానికేముండాది, ఇండ్లకు పోయి పెట్టించుకుంటే సరి," అని సుందరరాజు చెయ్యి కడుక్కున్నాడు. తలా ఒక కాగితంతో వెళ్లిపోయారు.

మా ఆయన మా కాగితం బల్ల మీద పరిచాడు. లోను కాగితమైనా, పిల్లల బడి కాగితమైనా ఆయనది ఒకటే పద్ధతి. అరచేతితో పైరాత కప్పేస్తాడు, కింద ఖాళీ చూపిస్తాడు. ఈ ఇల్లు రిజిస్ట్రేషనయిన రోజూ అట్లాగే పెట్టాను. ఇల్లు నా పేర ఉందని ఆ మరుసటేడు ఇంటిపన్ను రశీదులో చూసి తెలుసుకున్నాను. పేరు నాది, పెత్తనం ఆయనది.

"ఈడ పెట్టు మే. బిన్నా, టైమయితా ఉండాది."

చేతికి పిండి అంటి ఉందన్నాను. కొళాయి దగ్గరికి పోయాను. గోడవతల సుందరరాజు పెళ్లాం తిరుమలమ్మ నిలబడి ఉంది. తలుపేసుకుని, చప్పుడు బయటికి రాకుండా రేడియో పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి. ఆమె చేతిలోనూ కాగితముంది.

"కుప్పమ్మా, నువ్వు పెట్టేసినావా?" అంది గుసగుసగా. "నువ్వు పెడితే నేనూ పెట్టక తప్పదు. నా ఒక్కదాని వల్ల యాడయితాది."

చేతులు కడుక్కున్నాను. గోళ్లలో పిండి పోలేదు. లోపల్నుంచి ఆయన గొంతు. "ఎంతసేపు మే?"

షెడ్డులోకి వెళ్లి స్విచ్చి వేశాను. ఆగిన పప్పు మళ్లీ తిరగసాగింది. హాల్లోకి వచ్చాను. ఆయన అరచెయ్యి కాగితం మీదే ఉంది. గోడవతలికి వినబడాలని, రొదను మించి అన్నాను.

"చెయ్యి తియ్యండి. ఇంటి యజమాని సదవాల."