మోకాళ్ల మట్టం నీళ్లు

లింగమూర్తి పోయి నెల దాటినా అతని తల్లి ఐలవ్వ ముద్ద ముట్టడం లేదు. చాయ్ తాగుతుంది, బతిమిలాడితే ఇంత జొన్న గటక మింగుతుంది, అంతే. అతను పోయిన రోజు పొద్దున గోకరకాయ కూర చూసి మొహం ముడుచుకుని, కొడుకు తినకుండానే ఆసిఫాబాద్ బయలుదేరాడు. వాడికి ముక్కు మీదే కోపం. ఈమె మాత్రం తక్కువ తిన్నదా, తినకపోతే నీ కడుపే మాడుతుందని ఊరుకుంది. సాయంత్రం తిరిగొస్తూ ఊరి ముందరి వాగులో కొట్టుకుపోయాడు. కడుపులో ఇంత అన్నముంటే నీళ్లకు తట్టుకుని నిలబడేవాడని ఆమె నమ్మకం. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ అదే చెప్పుకుని ఏడుస్తుంది.

కోడలు రమకు అది నిజం కాదని తెలుసు. కాలేజీలో ఆమె చెప్పేదే ఫిజిక్స్. ప్రవాహం వేగం రెట్టింపైతే తోపుడు రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుందని ఏటా బోర్డు మీద రాసేది ఆమే. సూత్రంలో వేగం నెత్తిన కూర్చునే ఆ చిన్న రెండు అంకె ఎంతటి మనిషినైనా పడగొడుతుంది.

కానీ అది చెప్పాలంటే ఫోను సంగతీ చెప్పాలి. ఆ సాయంత్రం లింగమూర్తి వాగు ఒడ్డున నిలబడి, దాటమంటావా అని ఆమెనే అడిగాడు. ఆ ఊళ్లో వాగును ఎవరైనా ఒంటితోనే కొలుస్తారు. చీలమండ, మోకాలు, నడుము. రమ కూడా ఎంత లోతని మాత్రమే అడిగింది. నిన్నటి లెక్కనే మోకాళ్ల మట్టం అన్నాడు. నిన్న ఇద్దరూ నవ్వుకుంటూ దాటిన నీళ్లే కదా అనుకుంది. పైన వాన పడి ఉరుకుతున్నాయేమోనన్న ఆలోచనే రాలేదు. జర పైలంగా రమ్మంది. తన నోటితోనే మొగుణ్ని చంపుకున్నానని అప్పటినుంచి ఆమె గుండె పగిలిపోతోంది.

ఇవాళ మధ్యాహ్నం ఐలవ్వ చాయ్ గ్లాసు కూడా పక్కకు నెట్టేసింది. రమ ఇక ఆగలేకపోయింది.

"ఆకలితోని కాదత్తమ్మా. నీళ్ల ఉరుకుడు రెండింతలైతె తోపుడు నాలుగింతలైతది. కడుపునిండ తిన్నా నిలవడేటోడు కాదు. దాటాల్నా అని నాకు ఫోన్ చేసిండు. నేను లోతే అడిగిన, ఉరుకుడు అడగలే. రమ్మన్న."

ఐలవ్వ ఆమె వైపు తిరిగింది.

"అంటె, తినకపోయినందుకు కాదా?"

"కాదు."

ఐలవ్వ లేచి వంటింట్లోకి పోయింది. కంచంలో అన్నం పెట్టుకుని, పప్పు పోసుకుని, ఏడుస్తూనే కడుపునిండా తింది. తాను తినకపోయినా రోజూ అడిగేది, ఆ పూట మాత్రం తిన్నవా బిడ్డా అని రమను అడగలేదు.