గోడమీది పాదాలు

భీమడోలు గుడి మండపంలో గోడమీద ఉన్న లక్ష్మీదేవి బొమ్మంటే రత్నాంబకు ప్రాణం. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి శుక్రవారం శుక్రవారం ఆ పాదాలకు పసుపు రాసి, ఇంట్లో ఎవరితోనూ అనలేనివన్నీ అక్కడే చెప్పుకునేది. మొన్నటి వానలకు ఆ గోడ పెచ్చులూడిపోయింది. గుడి కమిటీకి పెద్ద ఆమె భర్త పట్టాభిరామయ్యే. తాడేపల్లిగూడెం నుంచి ఉషశ్రీ అనే అమ్మాయిని పిలిపించి, పాత పద్ధతిలోనే తడి సున్నం మీద కొత్త బొమ్మ వేయిస్తున్నాడు.

"ఈసారి బొమ్మ ముందు గ్రిల్లు పెట్టిస్తున్నా రత్నం," అన్నాడు అన్నం తింటూ. "పసుపులూ, నూనెలూ రాసి రాసి పాతదాన్ని పాడుచేశారు. ఇక దూరం నుంచే దణ్ణం."

"ముట్టుకోనివ్వని అమ్మవారికి మన కష్టం ఎలా తెలుస్తుందండీ?"

ఆయన మజ్జిగ పోసుకున్నాడు. పాడుచేసినవాళ్ళలో తనూ ఉంది కదా అని ఆమె ఊరుకుంది.

శుక్రవారం పొద్దున్నే పసుపు గిన్నె పట్టుకుని గుడికి వెళ్ళింది. ఉషశ్రీ పాదాలు పూర్తిచేసి టిఫినుకు వెళ్ళినట్టుంది. ఊరికే చూద్దామనే వంగింది రత్నాంబ. లేత గులాబీ రంగు పాదాలు, అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు తడితడిగా ఉన్నాయి. ఏదో చెప్పుకోబోయింది. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే పసుపు గిన్నెలోకి వెళ్ళింది. కుడిపాదం అంచున వేలితో రాసింది.

చూస్తుండగానే పసుపు ఎర్రబడింది.

చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది. ఎన్ని పెళ్ళిళ్ళకు పసుపులో సున్నం వేసి పారాణి కలిపింది! ఆ సంగతి ఇప్పుడే మరచిపోవాలా? కొంగుతో తుడవబోయి, ఇంకా అలుక్కుపోతుందని ఆగిపోయింది.

"ఏం చేశావు రత్నం!" వెనక భర్త. ఆయన పక్కనే ఉషశ్రీ.

"పొరపాటైపోయిందమ్మా," అంది ఉషశ్రీతో, భర్త మొహం చూడలేక. "నా చెయ్యి విరిగిపోనూ."

"చూశారా అమ్మా, గ్రిల్లు ఎందుకన్నానో!" అన్నాడాయన. "గోకేసి మళ్ళీ వేస్తారా?"

ఉషశ్రీ గోడ దగ్గర కూర్చుని ఆ ఎర్రటి గీతను వంగి చూసింది.

"గోకితే పాదమే పోతుందండీ. మామ్మగారూ, రెండోదానికి కూడా పెట్టండి. ఒక్క పాదానికే పారాణి ఉంటే పెళ్ళికూతురు మధ్యలో లేచి వచ్చేసినట్టుంటుంది."

రత్నాంబ నవ్వబోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భర్త వైపు చూసింది. ఆయన వద్దనలేదు. మళ్ళీ పసుపులో వేలు ముంచి ఎడమపాదానికి కూడా పెట్టింది.

"ఈ ఎరుపు ఉంటుందా?" అన్నాడు పట్టాభిరామయ్య.

"ఉండదండీ. కొన్నాళ్ళకు వెలిసిపోతుంది. నా రంగుల్లాంటిది కాదు, ఇది ఎప్పటికప్పుడు పెట్టుకోవాల్సిందే."

ఆయన ఆ పాదాల వంక కాసేపు చూసి, ఫోను తీశాడు. "అబ్బాయిరాజూ, గ్రిల్లు వెల్డింగ్ అయిపోయిందా? ఇంకా లేదా? అయితే కింద కొంచెం ఖాళీ వదులు... ఎంతంటే..."

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రత్నాంబ చెయ్యి పట్టుకుని తన జేనతో కొలిచాడు.

"గాజులతో సహా పట్టాలయ్యా," అన్నాడు. ఆయన వేళ్ళకూ పసుపు అంటింది.