అద్దం మీది బొట్టు

నేను ఒక స్కానర్‌ని. పుస్తకాన్ని బోర్లా పడుకోబెట్టి, దీపం వేసి, దాని ఒంటిమీది అక్షరాలన్నీ ఫొటో తీయడం నా పని. నన్ను కొన్నది ఏ కోటీశ్వరుడో కాదు, మీరే. నమ్మకపోతే ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. అడుగున గ్రంథాలయ సెస్సు అని ఒక చిన్న పద్దు ఉంటుంది. ఆ పద్దే నా కన్నతల్లి.

విజయనగరం వైపు ఒక చిన్న పట్నం లైబ్రరీలో నన్ను దింపారు. నన్ను నడిపే పని అటెండరు సింహాద్రికి పడింది. చదివింది ఏడో తరగతి. ఎనిమిదోది తనని చూసి జడుసుకుందని చెప్పుకునేవాడు. పేపరు ముందు కునికే పెద్దమనుషుల కళ్లజోళ్లు ఒకరివి ఒకరికి మార్చేయడం అతని కాలక్షేపం.

నేను తీసిన పేజీలను దాచే ప్రోగ్రాము ఒక కంపెనీ రాసింది, అదీ జనం సొమ్ముతోనే. దాని లోపల ఏముందో లైబ్రేరియన్ రాజ్యశ్రీ మేడమ్‌కి కూడా చూపించలేదు. రహస్యమట! వండించుకున్నది మనం, కుండ మూత మాత్రం తీయకూడదు.

దసరాకి సింహాద్రి నాకు ఆయుధపూజ చేశాడు. మూత మీద పెట్టాల్సిన బొట్టుని, మూత ఎత్తి సరిగ్గా అద్దం నడుమ పెట్టాడు.

"నీకు మతి ఉందా సింహాద్రీ?" అని మేడమ్ కేకలేశారు.

"మూతకెడితే ఏటి లాభం మేడమ్ గారూ? పనిసేసేది అద్దం. బొట్టు దానికే దక్కాల."

మర్నాడు తుడవకుండానే ఆఖరి పుస్తకం పెట్టాడు. గంగులు అనే గొర్రెల కాపరి, తప్పెట కొడుతూ ఆడిపాడే తప్పెటగుళ్ల పాటలు చేత్తో రాసుకున్న నోటుబుక్కు అది. ప్రతి పేజీ నడుమా ఎర్రబొట్టు, దాని కింద ఒక మాట మాయం. మళ్లీ తీద్దామనుకునేలోపు తుపాను వచ్చింది. కప్పు కారి నోటుబుక్కు ముద్దయిపోయింది. అదే వారం కంపెనీతో ఒప్పందం గడువు ముగిసి ప్రోగ్రాముకి తాళం పడింది. పేజీలు మా కంప్యూటర్లోనే ఉన్నాయి, తెరవబోతే 'అనుమతి లేదు' అంటుంది.

గంగులు పోయాక ఆయన తప్పెటగుళ్ల దళానికి కూతురు పైడమ్మే పాటలు నేర్పుతోంది. సగం పాటలు ఆ పుస్తకంలో తప్ప ఎక్కడా లేవు.

"మా అయ్య రాసింది సూడ్డానికి నాకు అనుమతేటి మావా?" అని సింహాద్రిని అడిగింది.

ఆ రోజు సింహాద్రి ఎవరి కళ్లజోడూ మార్చలేదు.

కొన్నాళ్లకి అవే పేజీలు ప్రోగ్రాము దొడ్డిదారిన వెళ్లి కంపెనీ సైటులో, కంపెనీ పేరుతో తేలాయి. అక్కడా మొదటి పేజీ తప్ప అన్నిటికీ తాళమే. మేడమ్ ఫిర్యాదు చేస్తే పై అధికారి విచారణకి వచ్చారు. కంపెనీ మేనేజరు లాప్‌టాప్ తెరిచి ఒక పేజీ చూపించాడు. "ఇలాంటి నోటుబుక్కు మాకూ దొరికింది సార్. మా మిషను మీదే తీసుకున్నాం."

సింహాద్రి చేతులు కట్టుకుని ఎంతో వినయంగా అడిగాడు. "బాబూ, మీ కంపెనీలో మిషనుకి బొట్టెట్టిందెవులు?"

"బొట్టేంటి? అదేదో మరక."

సింహాద్రి నా మూత ఎత్తాడు. ఎండిన బొట్టు, అదే చోట, అదే వంకరతో. "సూడండి బాబూ, నా ఏలిముద్ర కూడా ఉంది. తీసుకెల్లి మీ రహస్యంలో కలిపీసుకోండి."

అధికారి నవ్వుని దగ్గులోకి మళ్లించి, పేజీలన్నిటికీ తాళం తీయాలని అక్కడికక్కడే రాశారు. పెన్ను మూత కోసం వెతికారు, కనపడలేదు.

"పేజీలొక్కటే చాలవు సార్," అన్నారు మేడమ్. "రేపు ఇంకో కంపెనీ ఇంకో తాళం వేస్తుంది. జనం సొమ్ముతో రాసిన ప్రోగ్రాము లోపల ఏముందో జనానికి తెలియాలి, బాగుచేసుకునే హక్కూ ఉండాలి. అదీ రాయండి."

మూత లేని పెన్ను చేతిలోనే ఉంది కదా, అదీ రాశారు. అప్పుడు సింహాద్రి జేబులోంచి మూత బయటికొచ్చింది.

పైడమ్మ తెర ముందు కూర్చుని పాడింది. బొట్టు దగ్గర ఆగిపోతుందేమోనని భయపడ్డాను. ఆగలేదు. చిన్నప్పుడు అయ్య నోట విన్న పాటలే కదా, చెరిగిన మాట పాట ఊపులో దానంతటదే నోటికొచ్చింది. మేడమ్ ఆ మాటల్ని పేజీల పక్కనే చేర్చారు. ఇప్పుడు దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కొత్త స్కానరు వచ్చింది కాబట్టి ప్రస్తుతం నేను విరిగిన కుర్చీల గదిలో ఉన్నాను. మూల పడేసినందుకు నాకు కోపం లేదు. ఒప్పందాలు, సంతకాలు, సీళ్లు ఇన్ని ఉండగా, ఊరి సొత్తు ఊరిదేనని చెప్పడానికి చివరికి చిటికెడు కుంకుమ కావలసి వచ్చిందే, అందుకు మండుతోంది.

మొన్న దసరాకి సింహాద్రి కుంకుమ భరిణె పట్టుకుని కొత్త స్కానరు దగ్గరికి వెళ్లాడు. మేడమ్ వద్దనలేదు.

"ఈసారి ఓ మూలకి పెట్టు," అన్నారు.