భుజం ఓర్చుకునే తూటా

ఖతర్‌లో మదీనత్ అల్ షమాల్ దాటాక ఎడారిలో ఒక షూటింగ్ క్లబ్బు ఉండేది. అందులో రాజేశం డ్యూటీ చాలా వింతది. మూడేళ్లుగా రోజూ తుపాకుల మోత వింటున్నాడు గానీ, తుపాకీ పేలగా ఒక్కనాడూ చూడలేదు. కాల్చేవాళ్లు ఆ చివర, ఇతను ఈ చివర, మధ్యలో తొమ్మిది వందల మీటర్ల ఇసుక. మట్టికట్ట వెనక కాంక్రీటు గోతిలో కూర్చుంటాడు. తలమీద నిలబెట్టిన కాగితానికి తూటా తగలగానే చట్రాన్ని కిందికి లాగి, చిల్లు ఎక్కడ పడిందో వాకీటాకీలో చెప్పి, మైదా జిగురుతో దాన్ని మూసి మళ్లీ పైకి తోస్తాడు. రాస్ లఫాన్ సైటులో రెండేళ్లు సిమెంటు మోసి వచ్చినవాడికి ఇది అత్తారింటి మర్యాదే.

ఇంకొకడైతే తూటాకీ తూటాకీ మధ్య హాయిగా కునుకు తీసేవాడు. రాజేశం ఆ రకం కాదు. కోరుట్ల దగ్గరి పల్లెలో ఉన్నప్పుడే, బోరింగులోంచి నీళ్లు పైకెట్లా వస్తాయో చూద్దామని దాన్ని విప్పి ఊరందరి చేతా తిట్లు తిన్న ఘనుడు. గోతిలో కూర్చుని వినీ వినీ, చూసీ చూసీ, తూటాలలో మూడు రకాలున్నాయని తనంతట తానే కనిపెట్టాడు. ఒకటి వచ్చేసరికి దాని చప్పుడు మొద్దుబారి ఉంటుంది, చిల్లు కూడా ఒక్కోసారి కోలగా పడుతుంది. అంత దూరం వచ్చేసరికి దాని పని అయిపోయినట్టే. రెండోది నెత్తిమీద పిడుగులా పగులుతుంది, చిల్లు పెద్దది, గుండ్రనిది. మూడోది సన్నది. చప్పుడు చురుగ్గా ఉంటుంది, చిల్లు గుండ్రంగా పడుతుంది, ఒకదాని పక్కన ఒకటి పడుతుంది.

వాటి పేర్లు చెప్పింది లియాఖత్ అలీ. బోధన్ మనిషి, క్లబ్బులో తుపాకుల గదికి కాపలాదారు. మొదటిది మూడు-సున్నా-ఎనిమిది, అన్నిటికన్నా చవక. రెండోది మాగ్నం, దాని ఒక్క తూటా ఖరీదుకు మొదటివి మూడొస్తాయి. సన్నదాన్ని వాళ్లు ఆరున్నర అంటారు, అది చవకదానికంటే కొంచెమే ఎక్కువ. మరి అందరూ మాగ్నమే ఎందుకు కాలుస్తారని రాజేశం అడిగితే, చమురు ధర అట్లా ఎగబాకి డబ్బు పొర్లుతుంటే చిన్నది ఎవడు కొంటాడని లియాఖత్ నవ్వాడు. ఆ సంవత్సరం దోహాలో ఎవరిని చూసినా పెద్ద బండి, పెద్ద ఇల్లు, పెద్ద తుపాకీ.

అందరూ అంటే అందరూ కాదు లెండి. ఖతర్ వాళ్లంతా బంగారు పళ్లెంలో తింటారని మనవాళ్ల నమ్మకం. కానీ క్లబ్బుకు వచ్చే అబూ జాసిం హెడ్మాస్టరుగా పనిచేసి పింఛను పుచ్చుకున్న పెద్దమనిషి. పాత టొయోటాలో వచ్చేవాడు, తూటాలను పరీక్ష పేపర్లలా లెక్కపెట్టుకుని కాల్చేవాడు. అరబ్బీ, హిందీ కలగలిపి పనివాళ్లతో కూడా మాట్లాడేవాడు. వాళ్లు ఆయన్ని బాబా అనేవాళ్లు.

ఆ బాబాకు గుండెలో ఒక ముల్లు ఉంది. నిరుడు అన్న కొడుకులతో కిర్గిజ్ కొండలకు వేటకు వెళ్లి, వాళ్ల మాగ్నంతో ఒక కొండమేకను కొట్టాడు. తూటా కాలికి తగిలింది. అది కుంటుకుంటూ రాళ్లలోకి పారిపోయింది. రెండు రోజులు నెత్తుటి చుక్కల వెంట తిరిగినా దొరకలేదు. కోసి తిన్నా బాగుండేదని, దాన్ని నరకంలో వదిలేసి వచ్చానని ఆయన లియాఖత్‌తో అన్నాడట. ఈ ఏడు మళ్లీ రమ్మని అన్న కొడుకులు పిలిచారు. రెండు నెలల్లో ప్రయాణం. నమ్మకమైన తూటా దొరికితే వెళ్తానని, దొరక్కపోతే ఇక ఈ జన్మలో తుపాకీ ముట్టనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. పింఛనులో కొనగలిగేది ఒకటే రైఫిలు. ఏ తూటాదో తేలితే ఆ రైఫిలు కొంటాడు.

ఎవరినడిగినా ఇంకా పెద్దది కొనమన్నారు. అన్న కొడుకులు అదే మాట, దుకాణంవాడు అదే మాట. ఆయన క్లబ్బు మాగ్నం అద్దెకు తీసుకుని కాల్చడం మొదలుపెట్టాడు. గోతిలో రాజేశం చూస్తున్నాడు. రోజూ మొదటి తూటా దాదాపు మధ్యలో పడుతోంది. రెండోది జానెడు కింద. నాలుగోదానికల్లా కట్ట మట్టి ఎగిరి రాజేశం నెత్తిన పడుతోంది. తూటా అదే, తుపాకీ అదే, మరి ఈ దిగజారడం ఏమిటి? వారం రోజులు అదే ఆలోచన. వారానికి తెలిసింది. తెలిశాక ఊరుకోలేక లియాఖత్‌తో చెప్పాడు.

“నీ పని చిల్లు ఏడ పడ్డదో చెప్పుడు, తమ్మీ. పెద్దమనిషి గుట్టు చెప్పుడు కాదు,” అన్నాడు లియాఖత్. “మేనేజర్ చెవిన పడితే మల్ల రాస్ లఫాన్ బస్సెక్కుతవ్.”

రాజేశం నోరు కట్టుకున్నాడు. నాలుగు రోజులు బాగానే కట్టుకున్నాడు. ఐదో రోజు కాల్పులు ఆగాక బాబా కబురు పంపాడు, ఆ గోతిలో అబ్బాయిని పైకి రమ్మను అని. రాజేశం ఇసుకలో నడిచి వచ్చేసరికి ఆయన ముఖం వాడిపోయి ఉంది. అందరూ తుపాకీ వైపునుంచి చెబుతున్నారు, తూటా చేరేచోట ఉండేవాడివి నువ్వొక్కడివే, ఏది కొనాలో నువ్వు చెప్పు అన్నాడు.

రాజేశం లియాఖత్ వైపు చూశాడు. లియాఖత్ నేల చూశాడు. ఇక అయ్యేదేదో అవుతుందని, వచ్చీరాని హిందీలో, మధ్యమధ్య తెలుగు పడుతుంటే, ఉన్నది చెప్పేశాడు.

“మా అవ్వ జొన్నచేను కావలి కాసేది, బాబా. మంచె మీదికెల్లి వడిసెల తిప్పి రాళ్లు కొట్టేది. పెద్ద రాయి ఎన్నడు ఏరకపోయేది. పెద్దది మూడుసార్లు తిప్పితే చేతి రెట్ట గుంజుతది, నాలుగోసారి చెయ్యి ముందే బెదురుతది. పొద్దంత తిప్పినా నొప్పి పుట్టని సన్న రాయి, నున్నది, చూసి ఏరుకునేది. మీకు ఆరున్నర మంచిది. మాగ్నంల తప్పు లేదు. మీ భుజం బెదురుతున్నది.”

అరవై దాటిన మనిషిని, ఊరంతటికీ చదువు చెప్పినవాణ్ణి, భయపడుతున్నావని కూలివాడు అనడం! బాబా ముఖం ఎర్రబడింది. నేనా బెదిరేది, చూడు అని తుపాకీ అందుకోబోయాడు. రాజేశానికి కళ్లముందు బస్సే కనపడింది.

లియాఖత్ తానే వెళ్లి రైఫిల్లో తూటాలు నింపి తెచ్చి ఇచ్చాడు. బాబా పడుకుని, భుజానికి ఆనించి, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాడు. టిక్కుమంది, అంతే. పేలలేదు. కొత్తవాళ్లకు నేర్పడానికి వాడే మందులేని డమ్మీని లియాఖత్ అన్నిటికంటే ముందు పెట్టాడు. పేలని తుపాకీ గొట్టం మాత్రం గభాలున ముక్కు కిందికి వంచింది. తుపాకీ తన్నుతుందని ముందే బెదిరి దాన్ని వంచింది బాబా భుజమే. ముగ్గురూ చూశారు.

ఆయన ఆ గొట్టం కొసనే చూశాడు. కోపం దిగిపోయి ముఖంలో ఆశ్చర్యం మిగిలింది. ముప్పై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దాను, నా తప్పు నాకు చూపించడానికి ఇంతకాలం పట్టిందా అన్నట్టు తల ఊపాడు.

“యల్లా, కానివ్వండి, ఆరున్నర తెండి,” అన్నాడు.

తర్వాత నెలన్నర రాజేశానికి పండగే. బాబా ఆ రైఫిలే కొన్నాడు, తూటా చవక గనక రోజుకు నలభై కాల్చేవాడు. చిల్లులు మొదట పళ్లెమంత వెడల్పున పడేవి, తర్వాత అరచేయంత. అయితే షమాల్ అనే ఎడారి గాలి లేచిన రోజు ఆ అరచేయి మొత్తం పక్కకు జరిగిపోయేది. కాల్చేచోట జెండా ఒకవైపు, ఇక్కడ గోతి దగ్గర దుమ్ము ఇంకోవైపు. నా దగ్గర గాలి ఇట్లుంది బాబా అని రాజేశం వాకీటాకీలో చెబితే, ఆయన దాన్నిబట్టి సరిచేసుకునేవాడు. చిట్టచివరి రోజు పదికి పది మధ్యలో పడ్డాయి. రాజేశం ఆ కాగితాన్ని రెండుసార్లు లెక్కపెట్టి మరీ చెప్పాడు.

బాబా కొండలకు పోయాడు. ఇక్కడ రాజేశానికి కాలు నిలవలేదు. తూటా ఎట్లా పోయింది, ఎంత దూరం, ఎక్కడ తగిలింది? రోజూ లియాఖత్ ప్రాణం తీసేవాడు.

మూడు వారాలకు పాత టొయోటా ఇసుకలో తూలుతూ తిన్నగా గోతి దగ్గరికే వచ్చింది. బాబా దిగి గట్టు మీద కూర్చున్నాడు. కొమ్ముల సంగతి రాజేశం అడగబోయేలోగా ఆయనే చెప్పాడు. పెద్ద కొండమేకపోతు, ఐదు వందల మీటర్లలో, పక్కకు తిరిగి నిలబడిందట. భుజం బెదరలేదు. తూటా మీదా చేతి మీదా అనుమానం లేదు. కానీ తన పక్కన గడ్డి తూర్పుకు వాలుతోంది, లోయ అవతల దుమ్ము పడమరకు పోతోంది. నడుమ గాలి ఎటుందో చెప్పేవాళ్లు లేరు. కొట్టు కొట్టు అని అన్న కొడుకులు వెనక నుంచి గొణిగారు. ఆయన ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసేశాడు. పోతు నింపాదిగా కొండెక్కి పోయింది. దారి పొడుగునా వాళ్లు నవ్వుతూనే ఉన్నారట.

రాజేశానికి మనసొప్పలేదు. ఇంత చేసి ఒక్క తూటా పేల్చలేదా? ఆగలేక అడిగేశాడు.

“కొడితే తగులుతుండెనా, బాబా?”

“ఏమో, తెలియదు,” అన్నాడు ఆయన. “నిరుడు కూడా తెలియదు. అయినా కొట్టాను. ఈ ఏడు మేక నాలుగు కాళ్లమీదే పోయింది.”