రోలుగుంటకి తరలిన మడి

గణపతిరావు రోజూ పొద్దున్నే విశాఖపట్నం బస్సు దిగి, చోడవరంలో టీ తాగి, రైతుల సంఘం ఆఫీసుకి వెళ్లేవాడు. సంఘంవాళ్లు ముచ్చటపడి కొన్న లెక్కల మిషను పెట్టిన ఖర్చుకి తగ్గ పని చేస్తోందా, ఇంకోటి కొనాలా, దీన్నే వెనక్కి పంపెయ్యాలా అన్నది తేల్చడం ఆయన పని. అది డెబ్బై మూడో సంవత్సరం.

మిషను చురుగ్గానే పనిచేసేది. రైతు పేరు, ఊరు అట్టముక్క మీద చిల్లులుగా పొడిచి పెడితే, ఎవరి చెరుకు ఎప్పుడు కొట్టాలో అచ్చేసి ఇచ్చేది. చిక్కల్లా ఒకటే. అట్టమీద ఊరు తప్పు పడితే, తెల్లారేసరికి పొలం ఆ ఊరికి వెళ్లిపోయేది.

"మాడుగుల మడి ఒకటి గోవాడలో ఉంది సార్. ఆ రైతు బస్సెక్కెళ్లి నీళ్లు పెట్టుకొస్తన్నాడు" అన్నాడు ఆపరేటరు బంగార్రాజు, పెన్సిలు చెక్కుకుంటూ.

"మరి, ఎవరూ కంప్లైంటు చెయ్యలేదా?"

"ఏటని సేస్తారు సార్? మిషను సెప్పినకాడే ఉంది కదా మడి."

గణపతిరావుకి బుర్ర తిరిగిపోయింది. పొలమే కదిలిపోయాక అట్టమీద ఉన్నది తప్పెలా అవుతుంది? తప్పు కానిదాన్ని నష్టం కింద ఎలా రాయాలి? ఎటూ తోచక, అట్టలన్నీ దిద్దించి మిషను వెనక్కి పంపెయ్యడమే మేలనుకున్నాడు.

దిద్దుబాటు మొదలైన రోజు, నూకరత్నం అనే రైతు చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికొచ్చింది.

"నా మడి దిద్దొద్దు బాబూ. రోలుగుంటలోనే ఉండనీ."

"నీది మాడుగుల కదమ్మా?"

"అక్కడ నాది మా మరిది పరదేశి మడి పక్కనే. నా పెనిమిటి పోయిన కాణ్ణుంచి నీరు రానిచ్చీవోడు కాదు. మడి తనకి రాసిమ్మని కత్తట్టుకొని గట్టుమీద నిలబడీవోడు. మిషను దాన్ని అట్టుకెళ్లినాక, ఈ ఏడే నా సెరుకు నిలబడింది."

"కానీ తప్పు కదమ్మా అది?"

"ఎవరికి బాబూ?"

 గణపతిరావు ఆమె అట్ట తీసుకుని, చిల్లుల్లోంచి కిటికీ వైపు చూశాడు. ఏమీ బోధపడలేదు. దిద్దకుండానే దాన్ని దిద్దినవాటి కట్టలో పెట్టేశాడు.

వారం తిరక్కుండా మిషను లారీ ఎక్కింది. దిద్దిన పొలాలన్నీ వాటి వాటి ఊళ్లకి తిరిగొచ్చాయి. మాడుగులలో పరదేశి గట్టుమీద నిలబడి చూస్తే, వదిన మడి జాడ లేదు.

"అన్నీ సరిచేయబడినవి" అని రిపోర్టులో రాశాడు గణపతిరావు. అది అబద్ధమో కాదో ఆయనకే తేలలేదు. ఆ సందేహంతోనే ఓ సాయంత్రం రోలుగుంట బస్సెక్కాడు.

బస్సు ఆగినచోట, రోడ్డు పక్కనే నూకరత్నం పారతో నిలబడి ఉంది. పక్క మడి ముసలాయన తన గండి మూసి, కాలవ నీళ్లు ఆమె వైపు మళ్లిస్తున్నాడు.

"ముందు నీది తడుపుకో అమ్మా. నాకేటి తొందర?"